రంగం నుంచి నడిచివచ్చినవారి ఊళ్ళు

నిఘంటువు తెరిచి 'రంగం' అన్న మాట చూస్తే నాటకశాల అనీ, యుద్ధభూమి అనీ అర్థాలు కనబడతాయి. శ్రీకాకుళం జిల్లాలో సముద్రపొడ్డున వున్న పల్లెకు పోయి డెబ్బై దాటిన వారిని అడగండి, వేరే అర్థం చెబుతారు. వారికి రంగం అంటే రంగూను. బంగాళాఖాతానికి ఆవలి గట్టున వున్న బర్మా దేశపు పెద్ద పట్నం. ఈనాడు దేశం పేరు మయన్మార్ అయింది, పట్నం పేరు యాంగోన్ అయింది. అయినా మన పల్లెవారికి అది రంగమే. "మా తాత రంగం వెళ్ళేడు", "ఈ దూలాలు రంగం టేకు" అన్న మాటలు అక్కడ ఇంకా వినబడుతూనే వున్నాయి.

నేను కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. ఒక ఏడాది విద్యార్థులను వారి వారి ఇళ్ళలోని పాత మాటలు రాసుకు రమ్మన్నాను. ఒక అమ్మాయి తెచ్చిన జాబితాలో 'రంగం నడక' అని వుంది. అర్థం అడిగితే, "ఎంత నడిచినా తరగని దారి, మేస్టారూ. మా నాయనమ్మ అంటుంది" అని చెప్పింది. అది ఆ ఒక్క ఇంటి మాటే కావచ్చు. కాని ఆ మాట వెనుక 1942 సంవత్సరం వుంది. లక్షలాది మనవాళ్ళు యుద్ధంలో చిక్కి, అడవులూ కొండలూ దాటి, కాలినడకన ఇండియాకు వచ్చిన సంవత్సరం అది. యూరపులో యూదులు పడిన బాధలను గురించి మనం పుస్తకాలు చదివాం, సినిమాలు చూశాం. మన గుమ్మాల ముందు నుంచి కదిలిపోయిన కథ మాత్రం మనకు చాలామందికి తెలియదు.

అందుచేత మొన్నటి సంక్రాంతి సెలవుల్లో విజయనగరంలో బస్సెక్కి, బారువ దాకా, రంగం వెళ్ళినవారి ఊళ్ళు చూసి వచ్చాను.

ఎందుకు వెళ్ళారు?

విజయనగరం అనగానే మనకు కోట గుర్తుకు వస్తుంది. గురజాడవారి ఇల్లు, మహారాజా కళాశాల, ద్వారంవారి వాయులీనం గుర్తుకు వస్తాయి. అది పట్నం కథ. చుట్టుపక్కల పల్లెల కథ వేరు. వాన పడితే పంట, లేకపోతే పస్తు. పండిన దానిలో జమీందారుకు శిస్తు, షావుకారుకు వడ్డీ. 1866లో గంజాం సీమను కరువు కాల్చింది. 1876 నుంచి 78 దాకా మద్రాసు రాజధాని అంతటా మహాకరువు. 1896, 97లలో మళ్ళీ కరువు. ఇలాంటి నేల మీద నిలబడిన కూలివాడికి సముద్రం అవతల పని వుందంటే ఆశ పుట్టదా?

పని నిజంగానే వుంది. 1852 యుద్ధంతో ఇంగ్లీషువారు దిగువ బర్మాను కలుపుకున్నారు. ఇరావతీ నది డెల్టాలో అడవులు కొట్టి వరి వేశారు. 1869లో సూయెజ్ కాలువ తెరుచుకోగానే ఆ బియ్యానికి యూరపు దారి దగ్గరయింది. రంగూనులో మిల్లులు లేచాయి, రేవు పెరిగింది. ధాన్యం మూటలు మోయడానికీ, మిల్లుల్లో పని చేయడానికీ, రిక్షాలు లాగడానికీ, పట్నం వీధులు శుభ్రం చేయడానికీ మనుషులు కావలసి వచ్చారు. మేస్త్రీలు మన పల్లెలకు వచ్చారు. చేతిలో కొంత బయానా పెట్టేవారు. ఓడ టిక్కెట్టు కొనేవారు. ఆ అప్పు తీరేదాకా కూలివాడు మేస్త్రీ గుప్పిట్లో వుండవలసిందే. జీతం కంపెనీ ఇచ్చినా, అది మేస్త్రీ చేతిలోంచి జారి, తరిగి, కూలివాడికి అందేది.

విజయనగరం నుంచి తూర్పుగా పోతే చంపావతి నది సముద్రంలో కలిసే చోట కోనాడ వున్నది. ఆ దగ్గరలోనే చింతపల్లి లైటుహౌసు. ఈ తీరంలో ఇప్పుడు వలలు ఆరబెట్టుకునే బెస్తవారు తప్ప వేరే సందడి లేదు. ఈ ప్రాంతపు జనం భీమునిపట్నం పోయి ఓడ ఎక్కేవారు. ఓడ ఒడ్డుకు రాదు, దూరాన లంగరు వేసుకొని నిలబడుతుంది. కెరటాల మీద విరగకుండా వంగే మసూలా పడవల్లో జనాన్ని ఓడ దాకా చేరవేసేవారు. అక్కడి నుంచి డెక్కు మీద చాప పరుచుకున్నవాడిదే జాగా. పైన ఆకాశం, చుట్టూ నీళ్ళు. మూటలో అటుకులు, చింతపండు, కారపు పొడి. వాంతులు చేసుకుంటూ, దేవుణ్ణి తలుచుకుంటూ కొన్ని రోజులు గడిపితే రంగం కనబడేది.

కళింగపట్నం దగ్గర

శ్రీకాకుళం నుంచి కళింగపట్నానికి బస్సులో గంట ప్రయాణం. వంశధార ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. లైటుహౌసు ఇంకా వెలుగుతూనే వుంది గాని దాన్ని చూసి రేవుకు చేరే ప్రయాణికుల ఓడలు లేవు. దారిలో శాలిహుండం కొండ ఎక్కితే బౌద్ధ స్తూపాల శిథిలాలు కనబడతాయి. పైనుంచి చూస్తే వంశధార వంపు తిరిగి సముద్రం వైపు పోతూ వుంటుంది. కూలివాళ్ళకు వెయ్యేళ్ళకు ముందే ఈ తీరం నుంచి బౌద్ధం సముద్రం దాటి పోయింది. ఆ భిక్షువులకు అవతలి గట్టున గౌరవం దొరికింది. వెనుక పోయిన కూలివాళ్ళకు దొరికింది 'కోరంగీలు' అన్న పేరు.

గోదావరి ముఖద్వారం దగ్గర కోరంగి అనే పాత రేవు వుంది గదా, ఆ పేరు మీదనే తెలుగువాళ్ళందరికీ రంగూనులో ఈ ముద్దుపేరు వచ్చింది. ముద్దుపేరు అన్నాను గాని అందులో ముద్దు లేదు.

1931 జనాభా లెక్కలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆ ఏడు రంగూను జనాభా 4,00,415. అందులో భారతీయులు 2,12,929. అంటే బర్మా రాజధానిలో సగం కంటె ఎక్కువమంది మనవాళ్ళే. బర్మా మొత్తం మీద భారతీయులు 10,17,825 మంది. వారిలో లక్షన్నరకు తక్కువ కాకుండా తెలుగువాళ్ళు. రేవులో మూటలు మోసేవారిలోనూ, మిల్లు కూలీలలోనూ, రిక్షాలు లాగేవారిలోనూ ఎక్కువమంది తెలుగువాళ్ళే. ఒక్కొక్క గదిలో పదుల మంది. రాత్రి పని చేసి వచ్చినవాడు పగలు, పగలు పని చేసి వచ్చినవాడు రాత్రి, ఒకే చాప మీద పడుకునేవారు. ఇలా కడుపు కట్టుకొని పంపిన మనియార్డరుతో ఇక్కడ ఒక చెల్లెలి పెళ్ళి జరిగేది, ఒక ఎకరం కుదువ విడిపించుకునేవారు.

కడుపు కట్టుకొనేవాడి మీద పక్కవాడికి కోపం రావడం లోకసహజం. పొలాలు పోగొట్టుకొని పట్నం చేరిన బర్మా బీదవాడికి, తన పని తక్కువ కూలికి చేస్తున్న కోరంగీ శత్రువుగా కనబడ్డాడు. 1930 మేలో రంగూను రేవులో మన కూలీలు జీతం పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు బర్మావాళ్ళను పనిలోకి తీసుకున్నాయి. సమ్మె తీరి మనవాళ్ళు తిరిగి రాగానే, బర్మావాళ్ళను పొమ్మన్నాయి. మే 26న అక్కడే గొడవ మొదలయింది. తరవాతి రోజుల్లో తెలుగు కూలీలను వెదికి వెదికి నరికారు. సర్కారు లెక్కలోనే చచ్చినవారు 100 మందికి పైబడ్డారు. ఇద్దరు బీదవాళ్ళను ఒకరి మీదికి ఒకరిని తోలి మూడోవాడు లాభం తీసుకోవడం అంటే ఇదే. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. నిన్నటి దాకా ఒకే సర్కారు కింద వున్నవాడు తెల్లవారేసరికి పరదేశి అయ్యాడు.

బారువలో వినిన మాట

బారువ అందమైన ఊరు. మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటు, కొబ్బరితోటలు, పాత గుళ్ళు, లైటుహౌసు. 1917లో చిల్కా అనే ఆవిరి ఓడ ఈ తీరాన పోయింది. దాని శకలాలు ఇప్పటికీ నీటి అడుగున వున్నాయి. ఈతగాళ్ళు ఊపిరి యంత్రాలు కట్టుకొని దిగి చూసి వస్తున్నారు.

బారువకు కొద్ది దూరంలో ఒక పల్లెలో ఎనభై అయిదేళ్ళు దాటిన అవ్వ ఒకామె కనబడింది. జీడిపప్పు వొలుచుకుంటూ అరుగు మీద కూచుంది. రంగం మాట ఎత్తగానే చేతిలో పని ఆపింది.

"మా అయ్య రంగంలో మిల్లుకాడ పన్జేసీవోడంట, మేస్టారూ. నాను మొకం ఎరగను. నాకప్పుడు మూడేళ్ళంట. బాంబులు పడ్డాయని ఊరంతా గోల. ఒగడొచ్చినాడు, ఇద్దరొచ్చినారు. మా అయ్య రానేదు."

"మరి మీ అమ్మగారు, అవ్వా?"

"మా యమ్మ పన్నెండేళ్ళు బొట్టు తియ్యనేదు బాబూ. రైలు కూత ఇనిపిస్తే గుమ్మంలోకి వొచ్చీసీది. పన్నెండేళ్ళు నిండేక పెద్దలు ఏటన్నారంటే, ఇంక సాలు, కరమ సేసీమన్నారు. దరబతో బొమ్మ సేసి కాల్చీసినారు. నాను సూసినాను."

ఆమె మళ్ళీ జీడిపప్పు అందుకుంది. నేను ఇంకేమీ అడగలేదు.

నల్లదారి, తెల్లదారి

అవ్వ తండ్రి ఏ దారిలో పోయాడో ఎవరికీ తెలియదు గాని, ఆ దారులు ఎలాంటివో చరిత్రలో వుంది.

1941 డిసెంబరు 23 ఉదయం జపాను విమానాలు రంగూను మీద మొదటిసారి బాంబులు వేశాయి. విమానాల పోరు అంతకు ముందు చూడని జనం వీధుల్లోకి వచ్చి తలలు ఎత్తి చూస్తూ నిలబడ్డారు. ఆ నిలబడినవారి మీదనే బాంబులు పడ్డాయి. రెండు రోజులు పోయి, క్రిస్మసు నాడు మళ్ళీ పడ్డాయి. చచ్చినవారు వేలలో వున్నారు. రేవే మొదటి గురి. రేవులో వున్నవాళ్ళు మన కూలీలు.

వేలకు వేలు మనుషులు మూటలు నెత్తిన పెట్టుకొని ఉత్తరంగా ప్రోము దారి పట్టారు. అప్పుడు ఏం జరిగిందో వినండి. కూలీలు పోతే రేవు ఆగిపోతుంది, రేవు ఆగితే యుద్ధ సామాను దిగదు. అందుచేత సర్కారు వారు పోయేవాళ్ళను నచ్చచెప్పి వెనక్కు తిప్పారు. మగ కూలీలకు ఓడల్లో డెక్కు టిక్కెట్లు దొరకకుండా కట్టడి చేశారు. డబ్బున్నవారు పై తరగతి టిక్కెట్టు కొని కలకత్తాకో మద్రాసుకో చేరుకున్నారు. ఓడల్లో ఇలా బయటపడినవారు సుమారు 70,000 మంది. 1942 మార్చి 7న ఇంగ్లీషువారు రంగూను విడిచారు. మర్నాడు జపాను సేన ప్రవేశించింది. వుండమన్నవారు తాము వెళ్ళిపోయారు. వున్నవారికి ఓడ లేదు, బండి లేదు, కాళ్ళే మిగిలాయి.

మొదటి దారి ప్రోము నుంచి అరకాను కొండల మీదుగా తౌంగుప్ కనుమ దాటి, అక్యాబ్ చేరి, అక్కడి నుంచి చిట్టగాంగు. లక్షకు పైబడి జనం ఈ దారిన పోయారు. కొండ దారిలో నీళ్ళు లేవు. వున్న చోట కలరా వుంది. దారి పొడుగునా శవాలు. రెండో దారి మాండలే మీదుగా చింద్విన్ నది దాటి తము, పాలెల్, ఇంఫాల్, దిమాపూర్. మూడోది ఉత్తరాన హుకాంగ్ లోయ నుంచి పాంగ్సా కనుమ మీదుగా అస్సాంలోని లీడో. మే నడిమి నుంచి వానలు మొదలయ్యాక ఈ మూడో దారి బురద గుంట అయింది. మలేరియా, జలగలు, ఆకలి. అక్కడ పడిపోయినవారు లేవలేదు.

ఇంఫాల్ దారిలో మరొక వింత వుంది. యూరోపియన్లకూ ఆంగ్లో ఇండియన్లకూ వేరే దారి, భారతీయులకు వేరే దారి. జనం వాటికి తెల్లదారి, నల్లదారి అని పేర్లు పెట్టారు. తెల్లదారిలో మజిలీలు, తిండి, బళ్ళు కొంత మెరుగు. నల్లదారిలో వున్న మజిలీకి రెట్టింపు జనం. చావు దగ్గర కూడా తరగతులు పెట్టడం ఎక్కడైనా విన్నారా? వైస్రాయి కౌన్సిలులో ప్రవాస భారతీయుల వ్యవహారాలు చూసే ఎం. ఎస్. అణే, హృదయనాథ్ కుంజ్రూ మొదలైనవారు ఆ ప్రాంతానికి పోయి చూసి, ఈ తేడాను గట్టిగా ఖండించారు. అస్సాం టీ తోటల వారు మజిలీలు నడిపారు. మార్వాడీ రిలీఫ్ సొసైటీ వంటి సంఘాలు అన్నం పెట్టాయి. ఆ అన్నం లేకపోతే చచ్చేవారి లెక్క ఇంకా పెరిగేది.

మొత్తం మీద నాలుగైదు లక్షల మంది ఇండియా చేరారు. దారిలో పోయినవారు 10,000 అని కొందరు, 50,000 అని కొందరు, ఇంకా పైమాటే అని కొందరు. చరిత్రకారుడు హ్యూ టింకర్ 1975లో దీన్ని గురించి రాస్తూ, ఇది లోకం మరిచిపోయిన సుదీర్ఘ యాత్ర అన్నాడు.

శ్రీకాకుళంలో ఒక పాత ఉపాధ్యాయుడు తమ తాతగారి కథ చెప్పారు. తాతగారు, ఒకే ఊరివాళ్ళు తొమ్మండుగురు, కలిసి బయలుదేరారు. బయలుదేరే ముందు పక్కింటి బర్మా ఆమె ఎండు అన్నం, ఉప్పు, బెల్లం మూట కట్టి ఇచ్చింది. 1930లో నరికినవారూ బర్మావాళ్ళే, 1942లో మూట కట్టి ఇచ్చిన ఆమె కూడా బర్మా మనిషే. దారిలో ఎవరికి జ్వరం వచ్చినా మిగతావాళ్ళు వంతు వేసుకొని మోశారు. ఏడుగురు ఇల్లు చేరారు. "ఒంటరిగా నడిచినవాడు పోయాడు మేస్టారూ, గుంపుగా నడిచినవాడు బతికాడు. తాత చెప్పిన మాట అదొక్కటే" అన్నారాయన. వానలకు ముందు కదలడం, మోత తగ్గించుకోవడం, తోడు వదలకపోవడం: వారిని బతికించినవి ఇవి. మిగిలింది అదృష్టం.

ఇరవై ఆరో వీధి యూదులు

ఆ నల్లని జనప్రవాహంలో మరొక చిన్న గుంపు వుందని మనలో చాలామందికి తెలియదు. రంగూనులో యూదులు వుండేవారు. బాగ్దాదు నుంచి కలకత్తా మీదుగా వ్యాపారానికి వచ్చినవారు. ఇరవై ఆరో వీధిలో వారు కట్టుకున్న ముస్మియా యెషువా ప్రార్థనామందిరం 1890లలో పూర్తయింది. దాని నీలి స్తంభాల కింద పండుగలు జరుపుకొనేవారు. జపాను సేన వస్తూ వుండగా వారిలో దాదాపు అందరూ కలకత్తాకు తరలిపోయారు. ఓడ దొరికినవారు ఓడలో, దొరకనివారు మన కూలీలు నడిచిన దారుల్లోనే. యుద్ధం ముగిశాక తిరిగి వచ్చినవారు కొద్ది వందలు మాత్రమే. ఇప్పుడు అక్కడ వేళ్ళ మీద లెక్కపెట్టగల కుటుంబాలు వున్నాయి. మందిరం మాత్రం నిలిచి వుంది.

ఆ సంవత్సరంలోనే యూరపులో హిట్లరు ఆక్రమించిన దేశాల్లో యూదులను ఇళ్ళ నుంచి లాగి రైళ్ళలో కుక్కి మృత్యుశిబిరాలకు పంపుతున్నారు. యుద్ధం ముగిసేసరికి 60 లక్షల మందిని చంపారు. ఆ దారుణాన్నీ మనవారి కష్టాన్నీ ఒకే తక్కెడలో వేయడం న్యాయం కాదు. అక్కడ ఒక జాతిని ఆనవాలు లేకుండా చేయాలని సర్కారే పూనుకుంది. ఇక్కడ మనవారిని ఒక సర్కారు గాలికి వదిలింది, మరొక సర్కారు గొడ్లలాగా వాడుకుంది. కాని ఒక్క విషయంలో ఇద్దరి కథా ఒకటే. నీ పేరు, నీ పుట్టుక, నీ రంగు చూసి నీవు ఏ వరసలో నిలబడాలో మరొకడు నిర్ణయిస్తాడు. ఆ వరస చివర బతుకు వుందో చావు వుందో నీకు చెప్పడు.

వుండిపోయినవారు

బర్మాలోని భారతీయుల్లో సగం మంది కదలలేకపోయారు. ముసలివారు, అక్కడే పెళ్ళాడి పిల్లలను కన్నవారు, మేస్త్రీ అప్పు తీరనివారు, లోపలి ఊళ్ళలో చిక్కినవారు. వారు మూడేళ్ళు జపాను పాలనలో బతికారు. ఎలా బతికారు? బియ్యం ఎగుమతి లేదు గనక మిల్లులు మూతపడ్డాయి. గుడ్డ దొరకలేదు, గోనెసంచులు కట్టుకున్నారు. జపాను వారు అచ్చు వేసిన నోట్లకు విలువ లేకపోయింది. జపాను మిలిటరీ పోలీసు కెంపెతాయ్ పేరు చెబితే పసిపిల్లలు ఏడుపు ఆపేవారు. ఇండియన్ ఇండిపెండెన్స్ లీగులో చేరినవాడికి కొంత రక్షణ. 1944 జనవరిలో సుభాష్ బోసు తన కేంద్రాన్ని రంగూనుకు మార్చాడు. ఆ సేనలోనూ, ఆ చందాల పట్టీల్లోనూ తెలుగువాళ్ళు వున్నారు. కొందరు దేశభక్తితో చేరారు, కొందరు బతుకు కోసం చేరారు. చాలామందిలో రెండూ వున్నాయి.

అన్నిటికంటె ఘోరం రైలు కట్టడం. సయాం నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గం జపానువారు 1942 చివర మొదలుపెట్టి 1943 అక్టోబరులో పూర్తి చేశారు. 60,000 మందికి పైగా యుద్ధఖైదీలను దానికి తోలారు, 12,000 మందికి పైగా చచ్చారు. ఇది లోకానికి తెలుసు, దాని మీద సినిమా కూడా వచ్చింది. తెలియనిది మరొకటి. మలయా తోటల నుంచి తమిళులనూ తెలుగువాళ్ళనూ, బర్మా ఊళ్ళ నుంచి దొరికినవాళ్ళనూ, లక్షకు పైబడి ఆసియా కూలీలను తోలుకుపోయారు. వారిలో చచ్చినవారు సుమారు 90,000 అని అంచనా. ఆ రైలుమార్గపు బర్మా చివర వున్న తన్‌బ్యుజయాట్‌లో ఖైదీ సైనికుల సమాధులు 3,000కు పైగా వున్నాయి. రాయి రాయికీ శ్రద్ధ. కూలీలను ఎక్కడ పూడ్చారో అక్కడ అడవి పెరిగింది.

తిరిగి వచ్చిన బళ్ళు

కలకత్తా నుంచి వాల్తేరు వచ్చే రైలుమార్గం ఇచ్ఛాపురం దగ్గర తెలుగుసీమలో అడుగుపెట్టి, పలాస, నౌపడా, శ్రీకాకుళం రోడ్డు మీదుగా విజయనగరం చేరుతుంది. 1942 వేసవిలో ఆ బళ్ళలోంచి ఒక్కొక్క స్టేషనులో ఒకరిద్దరు అస్థిపంజరాలవంటి మనుషులు దిగేవారట. పెట్టె లేదు, బేడా లేదు. కన్నతల్లి కూడా గుర్తుపట్టక, "ఎవురు బాబూ నువ్వు" అని అడిగిన కథలు విన్నాను.

వారు చేరిన చోటు మాత్రం క్షేమంగా వుందా? ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా జపాను బాంబులు పడ్డాయి. పట్నం ఖాళీ అయి, బళ్ళు కట్టుకొని జనం పల్లెలకు పరుగెత్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు. బర్మా బియ్యం రావడం ఆగింది. రంగం మనియార్డర్లు ఆగాయి. ధరలు ఆకాశానికి పోయాయి. వచ్చినవాడికి తిండి లేదు, రానివాడికి వార్త లేదు.

యుద్ధం అయ్యాక కొందరు మళ్ళీ రంగం పోయారు. ఇక్కడ పొలం లేనివాడు ఏం చేస్తాడు? కాని బర్మా 1947లోనే వలసలకు కట్టడి చట్టం చేసింది. 1948 జనవరి 4న స్వతంత్ర దేశం అయింది. 1962లో సైన్యం అధికారం పట్టింది. తరవాతి రెండేళ్ళలో దుకాణాలు, మిల్లులు జాతీయం చేశారు. 1964లో పెద్ద నోట్లు చెల్లవన్నారు. ఈసారి లక్షల మంది భారతీయులు కట్టుబట్టలతో ఓడలు ఎక్కారు. విశాఖలో కంచరపాలెం ప్రాంతంలో 'బర్మా క్యాంపు' అని బస్సు కండక్టరు కేక వేస్తే, అది ఈ రెండో రాకకు గుర్తు. అయినా కొన్ని కుటుంబాలు కదలలేదు. ఈనాటికీ మౌల్మీన్‌లో, యాంగోన్‌లో ఉగాది పచ్చడి చేసుకొనే తెలుగువారు వున్నారు.

ఇంట్లో చేయదగిన పని

ఈ ఊళ్ళు చూడాలనుకొనేవారికి రెండు రోజులు చాలు. విజయనగరంలో బస చేసి కోనాడ, భీమిలి ఒక రోజు. శ్రీకాకుళం నుంచి శాలిహుండం, కళింగపట్నం, అక్కడి నుంచి బారువ రెండో రోజు. పిల్లలను తీసుకుపోండి. సముద్రం, లైటుహౌసులు, కొబ్బరితోటలు వారికి నచ్చుతాయి. కాని చూడవలసింది కంటికి కనబడేది కాదు. ఈ ఊళ్ళన్నీ తిరిగినా రంగం దారిలో పోయినవారి పేర్లు చెక్కిన రాయి ఒక్కటి నాకు కనబడలేదు.

యూదులు ఒక పని చేశారు. జెరూసలేంలో 1953లో యాద్ వాషెం అనే స్మారక సంస్థ పెట్టారు. చనిపోయిన ఒక్కొక్కరికి ఒక్కొక్క కాగితం. పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, చేసిన పని, పోయిన చోటు. బతికి వున్న బంధువో పొరుగువాడో ఆ కాగితం నింపి పంపుతాడు. అలా లక్షల పేర్లు కూడబెట్టారు. చంపినవాడు మనుషులను అంకెలు చేస్తే, మిగిలినవాళ్ళు అంకెలను మళ్ళీ మనుషులుగా చేశారు.

మన ఇళ్ళలో ఇంకా కొద్దిమంది పెద్దలు వున్నారు. రంగం పోయినవారు ఇప్పుడు లేరు గాని, వారి ఒళ్ళో కూచుని కథ విన్నవారు వున్నారు. పదేళ్ళు పోతే వారూ వుండరు. పిల్లల నోటుపుస్తకంలో ఒక పుట చించి, నాయనమ్మ దగ్గర కూచోండి. ఏ ఊరి నుంచి, ఏ ఏడు, ఏ రేవులో ఓడ ఎక్కారు, ఏ మిల్లులో పని, ఎవరి వెంట నడిచారు, ఎవరు తిరిగి రాలేదు అని అడిగి రాయండి.

జీడిపప్పు వొలిచే ఆ అవ్వను లేచి వచ్చేముందు ఒకటే అడిగాను. తండ్రి పేరు చెప్పింది. మూడేళ్ళ వయసులో మొహం కూడా చూసి ఎరగని ఆ పేరు ఎనభై ఏళ్ళుగా ఆమె నోట్లో భద్రంగా వుంది. ఆమె అడిగితే ఆ పేరు నా పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసి చూపించాను. ఆమెకు చదువు రాదు. అయినా చాలాసేపు చూసింది.